ఎర్రజెండా దించేదాకా

మా టీ బండి ముందు రోజూ మధ్యాహ్నం రోడ్డు ఆగిపోయేది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బాంబులు పేల్చే ముందు సైరన్ కూస్తుంది. కూయగానే ఒకాయన ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడతాడు. ఇక బస్సు అయినా, బొగ్గు లారీ అయినా, ఆఫీసరు కారయినా కదలడానికి లేదు. అటు వాళ్లు అటే, ఇటు వాళ్లు ఇటే. కాసేపటికి కాళ్ల కింద నేల ఒకసారి దగ్గినట్టు కదులుతుంది. గుట్ట అవతల దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము కాస్త పలచబడ్డాక జెండా దిగుతుంది. అంతవరకూ అందరూ నా చాయ్ తాగాల్సిందే. తాగకపోయినా నా గొంతు వినాల్సిందే.

గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. చిన్నప్పటి నుంచీ బొంగురు. పొయ్యి పొగ, బొగ్గు దుమ్ము కలిసి దాన్ని ఇంకా గరుకు చేశాయి. "నువ్వు పిలిస్తే ఫస్టు షిఫ్టు సైరన్ అనుకొని లేస్తున్ననే" అని మా ఆయన నవ్వేవాడు. ఆయన గుండె నొప్పితో పోయాక అట్లా నవ్వే మనిషి లేడు. రోడ్డు పక్కన టీ బండి పెట్టుకున్నాను. చదువు అంటే, బస్సు మీది బోర్డు కూడబలుక్కోగలను, అంతే. ఇది కూడా నేను చెబుతుంటే మా వాడకట్టులో బట్టలు కుట్టే దర్జీ చెల్లె రాస్తోంది. నా మాటను సాఫు చేసి రాయమన్నాను. ఎవరు ఏమన్నారో అది మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఐదారేళ్ల ముందటి మాట. హైదరాబాదు నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. వాళ్లతో ఒక మేడం, ముప్పై ఏళ్లుంటాయేమో, కాటన్ చీర, భుజాన సంచి. ఎక్కడో చలి దేశం వాళ్లు డబ్బు పంపిస్తారట. ఎందుకంటే, మామూలు జనం తమ వార్తలు తామే చెప్పుకోవాలని, ఆ వార్తల మీద పెద్దవాళ్ల పెత్తనం ఉండకూడదని. రేడియో పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి, అది రాలేదు. అందుకని ఒక టేపు మిషను, మైకు, చెవులకు పెట్టుకునేవి, నా బండికి కట్టుకోవడానికి ఒక స్పీకరు ఇచ్చారు. మిషను తిప్పడం దర్జీ చెల్లె నేర్చుకుంది. మాట్లాడటం నా పని. వారానికి ఒక క్యాసెట్టు చేసేవాళ్లం. ఎర్రజెండా లేచినప్పుడల్లా దాన్ని పెట్టేవాళ్లం.

ఏం వార్తలంటే, ఏ కాలనీలో నల్లా రాలేదు, దవాఖానలో ఆడ డాక్టరు ఏ పూట ఉంటుంది, రేషన్ దుకాణంలో కిరోసిన్ వచ్చిందా, ఎవరి బర్రె మట్టిగుట్ట మీద తప్పిపోయింది. జనం మొదట నవ్వారు. ఫారిన్ పైసలు అని తెలిశాక నాకు డాలరక్క అని పేరు పెట్టారు. ఒక టిప్పరు డ్రైవరు ఉండేవాడు, మనిషి పొడుగు, నోరు అంతకంటే పొడుగు. జెండా దగ్గర బండి ఆపి, క్యాబిన్ లోంచే అరిచేవాడు.

"డాలరక్కా! ఒక కట్ చాయ్, ఒక ఫారిన్ వార్త!"

"చాయ్ దేశీదే తమ్మీ. కిందికి దిగి తాగు, నీకు కాళ్లున్నయి, నా గ్లాసుకు లెవ్వు."

"నీ గొంతుకు బాంబులే అవసరం లేదక్కా. నువ్వు జర గట్టిగ వార్త చదువు, బొగ్గు దానంతలదే పగుల్తది."

అట్లా నడుస్తుండగా ఆ చావు వచ్చింది.

ఓపెన్‌కాస్టు పక్కనే ఉన్న మా ఊరి పిల్లవాడు. పెళ్లయి రెండేళ్లు కాలేదు. బొగ్గు మీది మట్టిని తవ్వి తీసుకుపోయే పని ఒక కాంట్రాక్టరు చేసేవాడు. టిప్పర్లు ఆ మట్టిని గుట్టగా పోస్తాయి. గుట్ట అంచున ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడి, బండి ఎంత వెనక్కి రావచ్చో, ఎక్కడ ఆగాలో చూపిస్తాడు. ఆ పిల్లవాడి పని అదే. షిఫ్టు అయినా రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వస్తే గానీ దిగడానికి లేదు. ఒక సాయంత్రం ఒక టిప్పరు వెనక్కి వచ్చి అతని మీదికి ఎక్కింది.

మర్నాడు శవం ఇంటికి వచ్చింది. నేనూ దర్జీ చెల్లే పోయాం. వాకిట్లోనే అతని అన్న నా చేయి పట్టుకున్నాడు.

"అక్కా, నీ మిషిను తెప్పియ్యి. మా చిన్న తమ్ముడు దుబాయిల ఉన్నడు, రానిస్తలేరు. మా మరదలు శోకం పట్టు. వాడు గంతన్న వినాలె గదా."

మా దిక్కు ఇది ఉన్నదే. ఆ రోజుల్లో దుబాయికి పెళ్లి మాటలు, పిల్లల ముద్దుమాటలు, చావు ఏడుపు అన్నీ క్యాసెట్టులోనే పోయేవి. రాలేని వాడు అక్కడ గదిలో పెట్టుకుని విని, ఒక్కడే ఏడ్చుకుంటాడు. దర్జీ చెల్లె పోయి మిషను తెచ్చింది. ఆడవాళ్ల మధ్య మైకు పెట్టాం.

శోకం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. అది ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషిని పిలుస్తూ, అతనికి జరిగిందంతా రాగం తీస్తూ చెప్పడం. అందులో అత్తను అంటారు, దాయాదులైన పాలోళ్లను అంటారు, దేవుణ్ణి కూడా వదలరు. అక్కడ అన్న మాటను మర్నాడు ఎవరూ పట్టుకుని అడగరు. అడిగితే అడిగినవాడికే పరువు పోతుంది.

పోయినవాడి పెళ్లాం, తనూ ఇంకా చిన్నపిల్లే, భర్త కాళ్ల దగ్గర కూర్చుని తల ఊపుతూ అంది. "ఓ నా రాజో, షిఫ్టు దిగి ఇంటికొస్తనంటివే... రిలీవరు రాలేదని నిన్నాపిరే... రెండో పూట డబ్బా నేనే కట్టుకొస్తినే... గేటుకాడ సూపర్‌వైజరు చేతిల పెడితినే... ఆకలైతుందని చెప్పి పంపితివే... ఆ డబ్బా ఏడబాయె నా రాజో, నువ్వేడబోతివే..."

కాంట్రాక్టరు మనిషి, ఆ సూపర్‌వైజరే, పందిరి కింద కుర్చీలో కూర్చున్నాడు. మాట అతని చెవిన పడింది. కర్చీఫు తీసి మెడ తుడుచుకున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. శోకం కదా.

తిరిగి వస్తుంటే దారిలో దర్జీ చెల్లె మెల్లగా అడిగింది.

"అక్కా, డబ్బా ముచ్చట విన్నవా?"

"విన్న."

"గాయన గాడనే ఉండె."

"ఉండె. నడువు."

రెండు రోజులు పోయాయో లేదో ఊరంతా ఇంకో మాట పాకింది. ఆ పిల్లవాడి షిఫ్టు మధ్యాహ్నమే అయిపోయిందట. ఇంటికి పోకుండా తాగి, మట్టిగుట్ట మీద పడుకున్నాడట. చీకట్లో డ్రైవరుకు కనబడలేదట. ఈ మాట ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు, కానీ అందరి నోట ఒక్క తీరుగానే ఉంది. డ్యూటీలో చస్తే కాంట్రాక్టరు జవాబు చెప్పాలి, ఆ పిల్లకు రావాల్సింది రావాలి. తాగి పడుకుని చస్తే ఎవరికీ ఏమీ లేదు. పైగా ఆ పిల్ల బతికినన్నాళ్లూ తాగుబోతు పెళ్లాం. ఆ సాయంత్రం అతను డ్యూటీలో ఉన్నాడా లేడా, మొత్తం దాని మీద నిలబడింది. ఉన్నాడని చెప్పే గొంతు ఒక్కటే ఉంది. అది నా దగ్గర క్యాసెట్టులో ఉంది.

మొదట అన్న వచ్చాడు. పొద్దున్నే, ఇంకా పాలు కాగలేదు. నిలబడే ఉన్నాడు.

"అక్కా, దుబాయి క్యాసెట్టు ఇయ్యి."

"కాపీ తీసి ఇస్తనన్న గదా. ఇంక తియ్యలే."

"కాపీ వద్దు. అసలుదే ఇయ్యి."

నేను అతని మొహం చూశాను. రాత్రంతా నిద్ర లేని మొహం.

"ఏమాయె? నువ్వే పట్టమంటివి."

"పట్టమన్న. గప్పుడు తెల్వది." గొంతు తగ్గించాడు. "కాంట్రాక్టరు క్యాంపుల నాకు వాచ్‌మన్ పని ఇస్తమన్నరు. మరదల్ని కూడ మేమే సూసుకుంటం. లొల్లి చేసి ఏం జేస్తం అక్కా? పోయినోడు రాడు. నాకిద్దరు పోరగాండ్లు."

"మరదల్ని అడిగినవా?"

"దానికేం తెల్సు?"

"డబ్బా కట్టింది అదే గదా తమ్మీ."

చాయ్ పోస్తే తాగలేదు. ఆ గ్లాసు అట్లాగే చల్లారిపోయింది.

తర్వాత సూపర్‌వైజరు వచ్చాడు. సైరన్ కూసి, జెండా లేచిన వేళ. జీపు దిగి, బెంచీ మీద మనవాడిలాగే కూర్చున్నాడు. స్పీకర్లో నా గొంతే రేషన్ కార్డుల గురించి చెబుతోంది. అతను కాసేపు విన్నాడు.

"మంచిగ చెప్తున్నవు వదినె. చక్కెర తక్కువెయ్యి."

వేశాను.

"గీ బండి జాగ ఎవలదో ఎరుకేనా?"

"రోడ్డుది."

"రోడ్డు మొన్నటిదాక. ఇప్పుడు మా లారీలు తిరగనీకి వెడల్పు చేస్తున్నం. అందరికన్న ముందు నీ బండే అడ్డమొస్తది." చాయ్ ఊదుకున్నాడు. "ఇంకోటి. పోలీసోళ్లు అడుగుతున్నరు, గీ ఫారిన్ పైసలు ఏంది, గీ మైకులేంది అని. అసలే ఉద్యమం టైము. నేనే చెప్పిన, ఆమె మంచిది, చాయ్ అమ్ముకుంటది, ఏం తెల్వది అని."

"తెల్వదని నువ్వెట్ల చెప్పినవ్?"

నవ్వాడు. నవ్వు కళ్ల దాకా రాలేదు. "శోకం అందరూ పెడ్తరు వదినె. దాన్ని మైకుల పెడ్తరా ఎవలన్న? పాపం తగుల్తది."

నేల దగ్గింది. గ్లాసులు టకటకా కొట్టుకున్నాయి. జెండా దిగగానే అతను లేచి, డబ్బులు పెట్టి, జీపెక్కాడు. పాపం అన్న మాట మాత్రం నా బండి దగ్గరే వదిలి పోయాడు. నాకూ అది నిజమే అనిపించింది. శోకంలో అన్న మాటకు ఎవరూ ఎదురు అడగకూడదు. మరి ఆ మాటను రోడ్డు మీద వినిపిస్తే? అప్పుడు అడగవచ్చు కదా. ఆ పిల్లను నిలబెట్టి, పిచ్చిగా ఏడుస్తూ అన్నావు, రుజువేదీ అంటారు. ఏడ్చే హక్కు కూడా పోతుంది.

ఆ మర్నాడు పొద్దున బండి దగ్గరికి వచ్చేసరికి తాళం విరిగి ఉంది. చాయ్‌పత్తి డబ్బా బోర్లా పడి ఉంది, చక్కెర మట్టిలో. స్పీకరు వైరు ఎవరో కత్తితో కోశారు. ఇంకేం పోయిందోనని బండి కింద చూశాను, స్టవ్ వెనక చూశాను. వాళ్లు వెతికింది అక్కడ ఎప్పుడూ లేదు. అది దర్జీ చెల్లె దగ్గర, కుట్టాల్సిన జాకెట్ గుడ్డల మూటలో ఉంది. ఆమె దగ్గరికి ఉరికాను. ఆమె కుట్టు మిషను తొక్కుతూనే కళ్లతో మూట చూపించింది.

ఆ రోజే మేడం వచ్చింది. తెగిన వైరు చూసి కూలబడింది.

"అక్కా, ఈ వారంలోనే మనకు డబ్బిచ్చే దేశం నుంచి ఆవిడ వస్తున్నారు. మీ పని చూడటానికే."

"రానియ్యిండ్రి. చాయ్ పోస్త."

"నవ్వకండి. ఏం జరిగిందో విన్నాను. ఆవిడ వెళ్లేదాకా మామూలు వార్తలే పెడదాం. చేతులు కడుక్కోవడం, పిల్లల టీకాలు, అలాంటివి."

"మేడం, మైకు ఇచ్చిననాడు మీరేమన్నరు?"

"గుర్తుంది." తల వంచుకుంది. "విదేశీ డబ్బుతో రాజకీయం చేస్తున్నామని ఒక్క ఫిర్యాదు వెళ్తే ఆ డబ్బు తీసుకోవడానికి మాకున్న అనుమతి పోవచ్చు. అప్పుడు మీ ఊరొక్కటే కాదు, అన్ని ఊళ్లలో ఆగిపోతుంది. నా మీద ఎంతమంది జీతాలు ఆధారపడ్డాయో మీకు తెలీదు. నాకు భయంగా ఉందక్కా, నిజంగా."

ఆమెను చూస్తే జాలేసింది. ఇంత దూరం నుంచి వచ్చిన డబ్బు, ఎవరి పెత్తనమూ ఉండొద్దని చెప్పి, చివరికి తన భయాన్ని కూడా వెంట తెచ్చుకుంది.

"పిల్లను అడగకుండ ఏదీ పెట్ట" అన్నాను.

"ఆమె వద్దంటే?"

"పెట్ట."

"పెట్టమంటే?"

నేను ఇంకో గ్లాసులోకి చాయ్ వడగట్టి ఆమె ముందు పెట్టాను. మేడం రెట్టించలేదు.

పిల్లను అడగాలంటే ఆమె దగ్గరికి పోవాలి. మైల తీరేదాకా ఆమె గడప దాటదు. ఇంటి ముందు కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు, చుట్టాల్లాగా, మంచం వేసుకుని కూర్చుంటున్నారు. అయితే చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి వాడకట్టు ఆడవాళ్లు బువ్వ వండి తీసుకుపోతారు. దాన్ని ఎవరూ ఆపరు. నేను అన్నం గిన్నె నెత్తిన పెట్టుకున్నాను, దర్జీ చెల్లె చారు గిన్నె. టేపు మిషను ఆమె గంపలో, విస్తరాకుల కింద.

మంచం మీది వాడు అడిగాడు. "ఏం కూర అవ్వా?"

"చింతపండు చారు. తింటవా? చావు బువ్వ."

మొహం తిప్పుకున్నాడు.

పిల్ల వెనక అర్రలో గోడకు ఆనుకుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయి. పెదవులు పగిలిపోయాయి. నేను పక్కన కూర్చుని, చెవులకు పెట్టేవి ఆమె తలకు తగిలించాను. దర్జీ చెల్లె మీట నొక్కింది. పిల్ల కళ్లు మూసుకుని విన్నది. చాలాసేపు విన్నది. తీసేసి నా మొహంలోకి చూసింది.

"గిది నేనేనా పెద్దమ్మా?"

"నువ్వే బిడ్డా."

"నాకు యాదికి లేదు. గింత చెప్పిన్నా?"

"చెప్పినవ్. డబ్బా సంగతి నిజమేనా?"

"నిజం. గేటుకాడ ఆయన చేతిల్నే పెట్టిన. రిలీవరు రాలె, నువ్వు పో, మీ ఆయన పొద్దుగూకినంక వస్తడు అన్నడు. నేను తిరిగొచ్చిన." ఆమె వేళ్లు కొంగు మెలిపెడుతున్నాయి. "తాగిండంటున్నరట గదా. బయట నవ్వుతున్నరు, నాకు ఇనబడ్తుంది. ఆయన బీడి కూడ తాగడు పెద్దమ్మా."

"దీన్ని జెండా కాడ పెట్టమంటే పెడ్త. వద్దంటే మీ బావ చేతిలనే పెట్టి పోత. నీ ఇష్టం. పెడ్తే ఏమైతదో నాకు తెల్వది, మంచిగైతదని చెప్ప."

ఆమె ఆలోచించింది. బయట ఎవరో దగ్గారు.

"గిది పెట్టకు" అంది. బాధేసింది, లోపల ఒక మూల తేలిగ్గానూ అనిపించింది. "గిది ఏడుపు. ఇది ఆయనకు. ఏడ్చుకుంట ఏమో అన్నదంటరు. నేను ఏడ్వకుంట చెప్త. మల్ల పట్టు."

దర్జీ చెల్లె కొత్త క్యాసెట్టు వేసింది. పిల్ల కాళ్లు ముడుచుకుని, మైకు దగ్గరికి వంగి, చెప్పింది. ఎవరి పెళ్లామో, ఏ ఊరో, ఆ రోజు పొద్దున అతను ఏ కూరతో తిని పోయాడో. రెండో పూట డబ్బాలో ఏముందో. గేటు దగ్గర ఎవరి చేతిలో పెట్టిందో. ఏ మాట చెప్పి తిప్పి పంపించారో. ఒక్కసారి కూడా గొంతు విరగలేదు. మధ్యలో తలుపు తెరుచుకుంది.

అన్న. అతని చూపు మొదట మిషను మీద పడింది. తర్వాత మరదలి మీద.

"ఏం జేస్తున్నవే?"

పిల్ల తల ఎత్తలేదు. మైకులోనే చెప్పుకుపోయింది. "మా బావకు కూడ తెల్సు. ఆ రోజు నేను డబ్బా కడుతుంటె, వీడు ఇంటికి రాకపాయె, రెండు షిఫ్టులు చేయిస్తున్నరు అని మా బావే తిట్టిండు."

అన్న నోరు తెరిచాడు. మంచం మీది వాళ్లను పిలుస్తాడనుకున్నాను. పిలిస్తే ఏం చేయాలో నాకు తెలియదు. గిన్నె చేతిలోకి తీసుకున్నాను, ఎందుకో మరి. అతను అట్లాగే నిలబడి, మెల్లగా తలుపు వెనక్కి లాగి వేశాడు. తను లోపలే ఉన్నాడు. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

అయిపోయాక శోకం క్యాసెట్టు తీసి అతనికి ఇచ్చాను.

"ఇది దుబాయిది. నువ్వు అడిగిందే."

తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. రెండోదాన్ని అడగలేదు. "నేను నిద్రపోయిన అనుకోండ్రి" అన్నాడు. అంతే.

విదేశీ అమ్మ వచ్చిన రోజు ఎండ మంటలా ఉంది. దర్జీ చెల్లె స్పీకరు వైరు అతికించింది. విదేశీ అమ్మా మేడమూ ఉన్న కారు సరిగ్గా సైరన్ కూసినప్పుడు వచ్చి జెండా దగ్గర ఆగిపోయింది. దాని వెనక బస్సు, బస్సు వెనక టిప్పర్లు. అవతలి వైపు సూపర్‌వైజరు జీపు. తెల్ల జుట్టు ఆమె దిగి, నా బెంచీ మీద కూర్చుంది. చాయ్ తాగి ఏదో అడిగింది. మేడం నా వైపు చూడకుండా తెలుగులో చెప్పింది.

"ఇక్కడ ఏది వినిపించాలో ఎవరు నిర్ణయిస్తారని అడుగుతున్నారు."

"ఈ వారం ఒక పిల్ల నిర్ణయించిందని చెప్పుండ్రి."

మేడం మొహంలో రక్తం లేదు. ఆమె చేయి స్పీకరు వైరుకు జానెడు దూరంలో ఉంది. ఆ చేతినే చూస్తూ నేను మీట నొక్కాను.

ముందు నా గొంతు. ఇది మన ఊరి పిల్ల మాట, అందరూ వినండి అని. తర్వాత ఆమె. ఇంజన్లు ఆగి ఉన్నాయి. ఆ వేళ అక్కడ గాలి తప్ప శబ్దం ఉండదు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. సూపర్‌వైజరు జీపు దిగి నాలుగడుగులు వేశాడు. జెండా పట్టుకున్నాయన చేయి అడ్డం పెట్టి, "సార్, దాటొద్దు, రూలు" అన్నాడు. అవును, జెండా లేచాక ఎవరైనా ఆగాల్సిందే. అతను అక్కడే నిలబడి, తన చేతిలో డబ్బా పెట్టిన సంగతి మొత్తం విన్నాడు. మేడం చేయి వైరు దగ్గర నుంచి వెనక్కి పోయి, ఒళ్లో పడింది.

చివరి మాట అయిపోయింది. నేల దగ్గింది. దుమ్ము లేచింది.

అప్పుడు టిప్పర్ల వరసలోంచి ఆ పొడుగు డ్రైవరు దిగి వచ్చాడు. డాలరక్కా అనలేదు. చేతిలో స్టీలు డబ్బా.

"గిది ఆయనదక్కా. గేటుకాడ్నించి నా బండ్లనే పైకి పంపిండ్రు. పని అయినంక తింట, నీ క్యాబిన్ల ఉండనీ అన్నడు." డబ్బా మూత అరచేత్తో తుడిచాడు. "తినలె. నేను పారబోసి కడిగిన. ఎవలికియ్యాల్నో తెల్వక సీటెనక పెట్టుకొని తిరుగుతున్న. ఆయన మీద ఎక్కిన బండి నాది గాదు. నేను దాని ఎనకనే ఉన్న. జెండా చేతిల పట్టుకొనే ఉండె ఆయన."

దర్జీ చెల్లె మైకు ఎత్తి అతని ముందు పెట్టింది. అతను అవతల జీపు వైపు చూశాడు. ఇంకా దుమ్ము ఉంది.

"నౌకరి పోతది గదా అక్కా?"

"పోవచ్చు తమ్మీ."

"పట్టు" అన్నాడు దర్జీ చెల్లెతో.

అతను చెబుతుండగానే జెండా దిగింది. వెనక బండ్లు హారన్లు మోగించాయి. అతని టిప్పరు రోడ్డు మధ్యలో ఉంది, ఎవరూ కదలలేరు. హారన్ల మీద గొంతు పెంచి మొత్తం చెప్పి, అప్పుడు పోయి బండి తీశాడు. విదేశీ అమ్మ మేడంను ఏదో అడిగింది. మేడం ఈసారి చాలాసేపు చెప్పింది, కళ్లు తుడుచుకుంటూ. ఏమీ దాచలేదనుకుంటాను.

డ్రైవరు నౌకరి పోయింది. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, నోరు మాత్రం తగ్గలేదు. అన్నకు వాచ్‌మన్ పని ఇవ్వలేదు. లేబర్ ఆఫీసులో అతను మరదలి పక్కనే నిలబడి, రెండు షిఫ్టులు చేయిస్తున్నారని ఆ రోజు నేనే తిట్టాను, డ్యూటీలోనే ఉన్నాడు అని చెప్పాడు. నా బండిని రెండుసార్లు తోసేశారు, రెండుసార్లూ కొంచెం జరిగి పెట్టుకున్నాను. సంస్థ మీద ఫిర్యాదు పోయిందో, లేక ఆ దేశం వాళ్లకే వేరే పని పడిందో తెలియదు, మరుసటి ఏడాది డబ్బు ఆగింది. మేడం వచ్చి ఏడ్చి పోయింది. మిషను పాడైంది. స్పీకరు వానకు ఉబ్బిపోయింది. ఉద్యమం పెద్దదైంది, సమ్మెలో బొగ్గు ఆగింది, మళ్లీ నడిచింది. ప్రతి గల్లీలో మైకులు వచ్చాయి. లేబర్ ఆఫీసులో పిల్ల వేసిన కేసు మాత్రం అన్నేళ్లూ తిరుగుతూనే వచ్చింది.

రాష్ట్రం వచ్చిన ఏడాది, ఎండాకాలం, పిల్ల నా బండి దగ్గరికి వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ, ఇప్పుడు పెద్దదైంది, బడిలో వంట చేస్తుంది. చేతిలో లేబర్ ఆఫీసు కాగితం. దర్జీ చెల్లె చేత చదివించింది. డ్యూటీలో ఉండగా మరణించాడు అని ఉంది. ఆ ఒక్క ముక్కనే మళ్లీ చదవమంది. విన్నాక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పెద్దమ్మా, దీన్ని స్పీకర్ల పెట్టు. గప్పుడు తాగిండని విన్నోళ్లు అందరు ఇనాలె."

"స్పీకరు ఏడుంది బిడ్డా?"

ఆమె నన్నే చూస్తోంది. అవతల సైరన్ కూసింది. జెండా లేచింది. బస్సు ఆగింది, లారీలు ఆగాయి, ఆ పొడుగాయన ఆటో కూడా వచ్చి ఆగింది. నేను బెంచీ మీదికి ఎక్కాను. మోకాళ్లు నొప్పి, దర్జీ చెల్లె పట్టుకుంది. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయేదాకా ఆగాను. ఆగాక, నా బొంగురు గొంతుతోనే, బస్సు చివరి సీటు దాకా వినబడేట్టు అరిచాను.

"ఆయన డ్యూటీల ఉండె!"